దీనికో ప్రాజెక్టా!

మా రోజుల్లో మేష్టార్లకు మీటింగులు లేవు. అవసరం లేదు గనక లేవు. ఉద్యోగం ఏ ఊళ్ళోనో కాపురం ఆ ఊళ్ళోనే. ఇంటర్వెల్లో టీ తాగుతూ లెక్కల మేష్టారు "ఆ తొమ్మిదో తరగతి కుర్రాడు నాలుగు రోజులుగా నోరెత్తడం లేదు, ఏమిటి కథ?" అనేవాడు. "ఏముంది, పొగాకు కొనే నాథుడు లేక వాళ్ళ నాన్న మంచమెక్కాడు" అని డ్రిల్లు మేష్టారు చెప్పేవాడు. అంతే, ఆ పూట నుంచి వాణ్ణి ఎవరూ కసిరేవారు కాదు. ఫీజు సంగతి హెడ్మాస్టరుగారు చూసుకునేవారు. మినిట్స్ బుక్కు లేదు, పవర్‌పాయింటు లేదు.

ఇప్పుడు న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లోని కూతురింట్లో ఉంటున్నాను. మనవడి బడిలో పాఠాలకన్నా మీటింగులే ఎక్కువేమోనని నా అనుమానం. ఏడాదిలో కొన్ని రోజులు పిల్లలకు సెలవిచ్చి మరీ మేష్టార్లు కూర్చుని మాట్లాడుకుంటారు. నేను గొణిగితే అమ్మాయి "నాన్నా, మీరు చేసిందీ అదేగా" అంటుంది. అదేనమ్మా, కానీ మేం దానికి ప్రాజెక్టు పెట్టలేదు!

వీళ్ళు పెట్టారు. దాని పేరు తె కోటహితంగ. వైకాటో విశ్వవిద్యాలయంలో రస్సెల్ బిషప్ ఆధ్వర్యాన 2001లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడి మూలవాసులైన మావోరీల కుటుంబాలు పల్లెలు వదిలి పట్నాలు చేరాయి. వాళ్ళ పిల్లలు బడిలో ఎందుకు వెనకబడుతున్నారో కనుక్కుందామని ముందు ఆ పిల్లల్నే అడిగారు. "మేష్టార్లు మమ్మల్ని ఎలా చూస్తారన్నదే ముఖ్యం" అన్నారు వాళ్ళు. మేష్టార్లను అడిగితే చాలామంది పిల్లల ఇళ్ళకేసి వేలు చూపించారు. ఈ పాట మన స్టాఫ్‌రూముల్లోనూ పాతదే.

ఆ తర్వాత చేసిన పని నాకు నచ్చింది. ఒకే తరగతికి చెప్పే లెక్కల, సైన్సు, ఇంగ్లీషు మేష్టార్లు ఒక బల్ల చుట్టూ చేరేవారు. ఆ పిల్లల హాజరు, మార్కులు ముందేసుకుని, అందరూ కలిసి ఏం మార్చుకోవాలో తేల్చుకునేవారు. శిక్షణ పొందిన తోటివాళ్ళు తరగతిలో కూర్చుని పాఠం చూసి, ఉన్నమాట చెప్పేవారు. మా రోజుల్లో అలా కూర్చునేది ఇన్‌స్పెక్టరొక్కడే. ఆయన వస్తున్నాడంటే బడికి సున్నం కొట్టించేవాళ్ళం!

పట్నం బడిలో ఎవరి పిల్లాడు ఎవరో తెలియదు. మేష్టారేమో ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఊరి అవతలి నుంచి వస్తాడు. ఊరు మాకు ఊరికే చెప్పిన సంగతులు వీళ్ళు కూర్చుని కూడబెట్టుకోవాలి. లేకపోతే పిల్లాడికి ఆరు గదుల్లో ఆరు న్యాయాలు ఎదురవుతాయి. ఈ దేశంలోనే పుట్టిన విద్యా పరిశోధకుడు జాన్ హ్యాటీ చదువును ప్రభావితం చేసే అంశాలకు పెద్ద జాబితా వేశాడు. 'మనమంతా కలిస్తే ఈ పిల్లలు పైకొస్తారు' అన్న మేష్టార్ల ఉమ్మడి నమ్మకాన్ని అందులో పైవరుసన పెట్టాడు.

ప్రభుత్వాలు మాత్రం ఎక్కడైనా ప్రభుత్వాలే. ఇక్కడ 1989లో ప్రతి బడికీ విడిగా బోర్డు పెట్టి, పిల్లల కోసం బడులు పోటీపడేలా చేశారు. 2014లో మళ్ళీ బడులన్నీ కలిసి నడవాలని కాహుయి అకో పథకం తెచ్చారు. 2025 బడ్జెట్‌లో దాన్నీ ఎత్తేశారు.

మరి మన దగ్గరో? స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. సర్క్యులర్లు చదివి సంతకాలు పెట్టేసరికి సాయంత్రమవుతుంది. కార్పొరేట్ కాలేజీ లెక్చరర్‌కి పిల్లాడి ర్యాంకు తెలిసినంతగా పేరు తెలియదు.

అయ్యా మేష్టార్లూ, అమ్మా టీచరమ్మలూ! యాప్‌లో ఫొటోలు ఎక్కించాక పది నిమిషాలు మిగిలితే, మీకు అంతుపట్టని ఒక్క పిల్లాడి గురించి పక్క గది మేష్టారిని అడగండి. దానికి జీవో అక్కర్లేదు.