పిక్క కొలత

సికింద్రాబాద్‌లో రైడింగ్ సామాన్లు అమ్మే ఆ దుకాణంలో ఓ మూల కుట్టు మిషను ఉంటుంది. దాని ముందు కూర్చునే పెద్దాయన బూట్లు అమ్మడు, అమ్మినవాటిని కాళ్లకు కుదురుస్తాడు. పిక్క దగ్గర పట్టేస్తే తోలు ముక్క అతికి వెడల్పు చేస్తాడు, వదులైతే పట్టీ జరుపుతాడు. నా బూటు జిప్పుకు రన్నర్ మార్పించుకుందామని వెళ్లి, ఆయన చేతిలో పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాను.

అప్పుడే ఆ దంపతులు వచ్చారు. బయట ఇంటర్‌సెప్టర్ 650 ఆపి ఉంది.

"మనాలి మీదుగా లేహ్ వెళ్తున్నాం. మోకాలి కిందిదాకా వచ్చే లెదర్ బూట్లు కావాలి. రేటు సంగతి తర్వాత" అన్నాడతను.

అన్నీ చదువుకునే వచ్చాడు. మోటార్‌సైకిల్ బూట్లకు ఐరోపాలో ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. లేబుల్ మీద రైడర్ బొమ్మ, పక్కన అంకెలు ఉంటాయి. రాపిడికి, కోతకు, పాదం పక్కల నుంచి నలగడానికి ఎంత తట్టుకుంటుందో ఒకటి లేదా రెండు అని వేస్తారు, రెండు మెరుగు. అతను అంకెలన్నీ రెండే ఉన్న జతలు తీయించాడు. నాకు ముచ్చటేసింది. తోలు మెరుపు చూసి కొనేవాళ్లనే ఎక్కువగా చూశాను.

పెద్దాయన టేపు తీశాడు. "పొద్దుమీకి వచ్చి మంచి పని చేసిండ్రు సార్. పగలంత తిరిగినంక కాళ్లు ఉబ్బుతయి. పొద్దుగాల కొలిస్తె సాయంత్రం బిగుసుకుంటది."

కుర్చీలో కూర్చోబెట్టి, ప్యాంటు బూటులోకి దోపుకున్నట్టు చుట్టి, మందపాటి సాక్సులు తొడిగించి, పిక్క ఎక్కడ లావుగా ఉందో అక్కడ కొలిచాడు. రెండు కాళ్లూ కొలిచాడు, ఒకటి కాస్త లావే తేలింది. ఆ కొలతలు భార్య తన ఫోన్‌లో రాసుకుంది. అతని హెల్మెట్ కూడా ఆమె చంకలోనే ఉంది.

లేసులున్న జత ముందు వేశారు. మీగాళ్ల మీద అంత చక్కగా కుదిరేది మరొకటి లేదు, కానీ లేసు ముడి వదులై గేర్ రాడ్‌కో ఫుట్‌రెస్ట్‌కో తగులుకుంటే, బండి ఆపేటప్పుడు కాలు నేలకు దిగదు. ఆగిన బండి అట్లాగే పక్కకు ఒరుగుతుంది. జిప్పూ లేసూ ఏమీ లేకుండా లాగి తొడుక్కునే ఇంజనీర్ బూట్లకు ఆ బెడద లేదు. వాటితో వేరే చిక్కు. మీగాళ్ల దగ్గర వదులుంటే పడ్డప్పుడు బూటు జారిపోతుంది, బిగువుంటే వాచిన కాలి నుంచి ఊడదు, కోయాల్సిందే. జిప్పే సుఖం. బట్టల్లో విరివిగా రాకముందే, 1923లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ జిప్పు పెట్టి అమ్మింది రబ్బరు బూట్లకే. కాకపోతే జిప్పు బిగువు సర్దదు, పడుతుంది లేదా పడదు, అంతే. అందుకని మీగాళ్ల మీద ఒక బకిల్, పైన ఒక పట్టీ ఉన్న జిప్పు బూటే నా లెక్కలో మేలు. జిప్పు వెనక తోలు మడత కూడా ఉండాలి. మనాలి లేహ్ దారిలో మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. మడత లేని జిప్పులోంచి నీళ్లు నేరుగా సాక్సుల్లోకే.

చివరికి అలాంటి జతే తేలింది. అప్పుడు భార్య అడిగింది:

"జిప్పు లోపలివైపు ఉందేంటండీ? సైలెన్సర్ వేడికి కరగదా?"

పెద్దాయన తలెత్తి ఆమెను చూశాడు. "మంచిగడిగినవమ్మా. నైలాన్ జిప్పయితె కరుగుతది. దీనికి పైన తోలు రేకు ఉన్నది, చూడు."

ఆమె గొంతుక్కూర్చుని జిప్పు తనే పైకి లాగింది. మడమ లేస్తుందేమోనని వేళ్లు పెట్టి చూసింది. అలా కూర్చున్నప్పుడు లెగ్గింగ్ పైకి జరిగి, కుడి పిక్క లోపలివైపు రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనిపించింది.

అతన్ని బండెక్కించి కూర్చోబెట్టారు. మోకాలు వంచితే పై అంచు వెనక గుచ్చుకోలేదు. ఎడమ బూటు ముందు భాగం గేర్ రాడ్ కిందికి తేలిగ్గా దూరింది. చీలమండ దగ్గర ముడతలు పడ్డాక పొడుగు బూటు కొంచెం కిందికి దిగుతుంది, అందుకే ఎత్తు కాస్త ఎక్కువున్నదే ఉంచమన్నాడు పెద్దాయన. పిక్క దగ్గర పట్టీ ఒక అర అంగుళం జరిపి కుట్టిచ్చాడు.

బిల్లు ఇరవై రెండు వేలు. కార్డు గీకుతుంటే పెద్దాయన టేపు మెడలోంచి మళ్లీ తీశాడు.

"ఎంతమంది పోతున్నరు సార్?"

"మేమిద్దరమే."

"అయితె అమ్మను గూడ కూసోమనుండ్రి. పిక్క కొలుస్త."

"తనకెందుకు? వెనకాల కూర్చోవడమేగా!" అన్నాడతను.

"నేనేమన్నా నడుపుతానా బాబాయ్" అని నవ్వి, ఆమె బూట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని అటో కాలు ఇటో కాలు వేసి ఎక్కింది. కాళ్లకు హవాయి చెప్పులు. ఇంటర్‌సెప్టర్‌కు సైలెన్సర్లు రెండు. రెండూ వెనక కూర్చున్నవాళ్ల పాదాల పక్కనుంచే పోతాయి.