చేవ చూసి కొన్న రోజులు

మొన్న మా అడితికి ఒక కుర్రాడు వచ్చాడు. చెన్నైలో ఫర్నిచర్ చేసి ఐరోపాకు పంపే కంపెనీ తరఫున కొనుగోళ్లు చూస్తాడట. మామిడి చెక్క కావాలన్నాడు. కోసి పేర్చిన బల్లలు చూపించాను. వాటి మీద చెయ్యి కూడా వేయలేదు. ఫోను తీసి, "సర్, ఈ చెట్టు పెరిగిన చోటు అక్షాంశం, రేఖాంశం చెప్పండి" అన్నాడు.

నాకు 74 ఏళ్లు. 1968 నుంచి రాజమండ్రిలో కలప కొలుస్తున్నాను. చెట్టు పేరడిగినవాళ్లు ఉన్నారు, వయసడిగినవాళ్లు ఉన్నారు. జాతకం వేయించడానికన్నట్టు అక్షాంశాలు అడిగినవాణ్ణి మాత్రం ఇప్పుడే చూశాను.

అందులోనూ మామిడికి! మా రోజుల్లో మామిడంటే సెంట్రింగు బల్లలకీ, సరుకుల పెట్టెలకీ, ఆఖరికి చితికీ. ఎవరైనా గుమ్మానికి మామిడి అడిగితే, "ఇల్లు కడుతున్నారా, పందిరి వేస్తున్నారా?" అనేవారు మా నాన్నగారు. ఇప్పుడా మామిడి సోఫాలై, మంచాలై ఓడెక్కుతోంది. టేకేమో ఆఫ్రికా నుంచి ఓడ దిగుతోంది. కలికాలమంటే ఇంకెలా ఉంటుందండీ?

మా రోజుల్లో టేకు గోదారి మీదే వచ్చేది. భద్రాచలం పైనుంచి పాపికొండల మీదుగా దిగేది. పచ్చి దుంగ నీళ్లలో మునుగుతుంది కదా, అందుకని వెదురు మోపుల్ని దానికి ఇరువైపులా కట్టి తెప్పలుగా వదిలేవారు. తెప్ప రేవుకు చేరగానే మా నాన్నగారు పంచె ఎగ్గట్టి మోకాలిలోతు నీళ్లలోకి దిగేవారు. దుంగ మొదలు మీద అటవీశాఖవాళ్ల సుత్తి ముద్ర ఉందో లేదో ముందు చూసేవారు. ఆ తర్వాత చూసేది చేవ. మధ్యలో ముదురు బంగారంలా చేవ ఎంత, చుట్టూ తెల్లచెక్క ఎంత అని రెండు వేళ్లతో కొలిచేవారు. తెల్లచెక్కకు పురుగు పడుతుంది, చేవకు పట్టదు. మనిషిని కూడా అలాగే అంచనా కట్టేవారాయన. "వాడిలో చేవ లేదురా, అప్పివ్వకు" అంటే ఇక ఆ పేరు పద్దులోకి ఎక్కేది కాదు.

కొలతా అంతే. దుంగ నడుముకు టేపు చుట్టి, చుట్టుకొలతలో నాలుగోవంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణించడం. నాలుగడుగుల చుట్టు, పది అడుగుల పొడవు ఉన్న దుంగ మా లెక్కలో 10 ఘనపుటడుగులు. లెక్కల మాస్టారిని అడిగితే 12 ముప్పావుకు దగ్గరంటారు. ఆ తేడా బెరడుకీ, రంపప్పొట్టుకీ. దొరలనాటి నుంచీ వస్తున్న ఒప్పందమది. ఎవడూ కాగితం మీద రాసుకోలేదు, ఎవడూ తప్పలేదు.

ఎండిందో లేదో చూడ్డానికి మీటరు ఎక్కడిది? వడ్రంగి ఆచారిగారు వచ్చి బల్లను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించేవారు. ఖంగుమంటే ఎండినట్టు, మొద్దుగా పలికితే ఇంకో వేసవి కాయాలి. బల్లల మధ్య అడ్డబద్దలు పెట్టి, నీడలో రెండేళ్లు పేర్చి ఉంచేవాళ్లం. ఇప్పుడు కుర్రాళ్లు రెండు మేకులున్న యంత్రాన్ని చెక్కలోకి గుచ్చి, "12 శాతం ఉండాలండీ, మీది 19 చూపిస్తోంది" అంటారు. వేడిగదిలో పెడితే రోజుల్లో ఎండుతుందట. ఎండుతుంది సరే, గుమ్మం ఎత్తే ముహూర్తానికి పసుపు రాస్తుంటే వచ్చే ఆ టేకు వాసన ఏదీ?

గుమ్మం సంగతెందుకులెండి. ఇప్పుడు గుమ్మాలు గ్రానైటువి, కిటికీలు యూపీవీసీవి, తలుపేమో రంపప్పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోసిన డబ్ల్యూపీసీది. పసుపు కుంకుమలు మాత్రం పెడుతున్నారు, పాపం.

అయితే ఈ గొడవంతా ఊరికే రాలేదు. ఆ మాట కూడా నేనే చెప్పాలి.

పోయిన ఏడు అటక దులుపుతుంటే పాత పద్దులు దొరికాయి. 1968 పుస్తకంలో ఆరడుగుల చుట్టుకొలత దుంగలు పేజీ పేజీకీ ఉన్నాయి. 1985 పుస్తకంలో మూడున్నర దాటినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండూ నా చేతిరాతే. ఏడాదికేడాది దుంగ సన్నబడుతుంటే రాస్తూ కూర్చున్నానే గాని, ఎందుకు సన్నబడుతోందని అడగలేదు. చెక్కలో చేవ చూశాం, అడవిలో చేవ చూడలేదు. ఇంత కలప అమ్మిన మా కుటుంబం ఒక్క టేకు మొక్క నాటిన పాపాన పోలేదు.

మేం అడగనిది కోర్టు అడిగింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల నరికివేతకూ, కోతమిల్లులకూ దేశమంతటా పగ్గాలు పడ్డాయి. అంతకు ముందే, 1993లో, కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడొద్దంది. తమాషా ఏమిటంటే, అదే 1993లో కెనడాలోని టొరంటోలో ఎఫ్ఎస్‌సీ అనే సంస్థ పుట్టింది. వాళ్లు, "కలప వాడండి, ఏ అడవిదో, ఆ అడవిని ఎలా చూసుకుంటున్నారో చూపించండి" అన్నారు. మనం వాడొద్దన్నాం, వాళ్లు లెక్క చెప్పమన్నారు. మనకు సిమెంటు, అల్యూమినియం మిగిలాయి. వాళ్లకు అడవీ మిగిలింది, వ్యాపారమూ మిగిలింది.

2014 ఏప్రిల్ నుంచి బర్మా దుంగల ఎగుమతి ఆపేసింది. ఘనా టేకు, ఈక్వడార్ టేకు వచ్చిపడ్డాయి. ముప్పై ఏళ్ల చేవ చూసిన కంటికి అవి పసిపిల్లల్లా కనిపిస్తాయి. చివరికి 2020లో ప్రజాపనుల శాఖ, "కలప వాడొచ్చు" అని పాత నిషేధాన్ని ఎత్తేసింది. అప్పుడు మమ్మల్ని అడవిని మింగినవాళ్లన్నారు. ఇప్పుడేమో ఎండిన చెక్క బరువులో సగం కర్బనమేననీ, అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ గాలిలోకి పోదనీ, ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు పుణ్యమేననీ అంటున్నారు. మేం అక్కడే ఉన్నాం, మాటలే మారాయి.

మా మనవడు కెనడాలో వాంకూవర్‌లో సివిల్ ఇంజనీరు. ఓ రోజు వీడియోలో ఒక హాస్టలు చూపించాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో 2017లో తెరిచారట. పేరు బ్రాక్ కామన్స్, 18 అంతస్తులు. "తాతయ్యా, అంతస్తుల పలకలూ స్తంభాలూ చెక్కవే, కింది అంతస్తూ, లిఫ్టూ మెట్లూ ఉన్న రెండు గోపురాలూ మాత్రమే కాంక్రీటు" అన్నాడు. సన్నపాటి పైన్ జాతి చెక్కల్ని ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా జిగురుతో అదిమి, గోడంత పలకలు చేస్తారట. ముక్కలు ఫ్యాక్టరీలోనే కొలతకు కోసి తెచ్చి, చెక్క భాగమంతా పది వారాల్లోపు నిలబెట్టేశారట.

"ఒరేయ్, చేవ లేని చెక్కలు అంటించి 18 అంతస్తులా? నిప్పంటుకుంటే?" అన్నాను.

"లావుపాటి చెక్క పైన బొగ్గవుతుంది తాతయ్యా, ఆ బొగ్గే లోపలి చెక్కను కాస్తుంది. గంటకు నాలుగు సెంటీమీటర్ల దాకా కాలుతుందని లెక్కగట్టి, అంత ఎక్కువ మందం పెడతారు" అన్నాడు.

నోరు మూసుకున్నాను. ఎందుకంటే అది నేను కళ్లారా చూసిందే. చాలా ఏళ్ల క్రితం మా పక్క అడితి తగలబడింది. మర్నాడు నల్లబడ్డ మద్ది దుంగను కోస్తే, రెండంగుళాల లోపల కొత్త చెక్కలా ఎర్రగా ఉంది. ఆ దుంగ మిగిలిందని సంతోషించామే గాని, అందులో ఒక శాస్త్రం ఉందని తట్టలేదు.

ఇంతకీ ఆ మామిడి కుర్రాడి అక్షాంశాల కథ ఏమిటంటే, ఐరోపా సమాఖ్య 2023లో ఒక చట్టం తెచ్చింది. కలప, కాఫీ, రబ్బరు లాంటి ఏడు సరుకులు 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేల నుంచి వచ్చినవి కాకూడదు. అది రుజువు చేయడానికి చెట్టు పెరిగిన నేల ఎక్కడో చూపాలి. అమలు వాయిదాలు పడుతూనే ఉంది గాని, కొనేవాళ్లు అప్పుడే అడగడం మొదలెట్టారు. మన కేంద్రం కూడా 2023 డిసెంబరులో అటవీ, కలప ధ్రువీకరణకు సొంత పథకం పెట్టింది.

నా దగ్గర సమాధానం లేదు. ఆ మామిడి ఏ ఊరి తోటదో లారీవాడికి తెలుసు. లారీవాడి పేరు నాకు తెలుసు. అంతే. నాలుగు తోటల చెక్కను కలిపి సైజుల వారీగా పేర్చేశాను, దాదాపు అరవై ఏళ్లుగా పేర్చినట్టే. ధ్రువపత్రం ఉన్న కలపను అలా కలపకూడదట. తోట నుంచి మిల్లుకు, మిల్లు నుంచి అడితికి, అడితి నుంచి వర్క్‌షాపుకు గొలుసు తెగకూడదు. మధ్యలో ఒక్క అడితి దగ్గర కాగితం లేకపోతే సరుకంతా మామూలు సరుకే. ఆ కుర్రాడు మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. తెగిన లంకె నాదే.

దీన్ని మనకన్నా ముందే కనిపెట్టినవాళ్లు కాగితం మిల్లులవాళ్లు. భద్రాచలం దగ్గర సారపాక మిల్లు రైతులకు క్లోనల్ జామాయిలు మొక్కలిచ్చి పొలాల్లోనే ముడిసరుకు పెంచుకుంది. ఏ రైతుది ఏ తోటో వాళ్లకు ముందే తెలుసు. మనమేమో వాళ్లను చూసి, "గుజ్జుకు పోయే కర్రలు" అని నవ్వాం. మనం దుంగ వచ్చాక లేచాం, వాళ్లు మొక్క నాటినప్పుడే లేచారు.

కాబట్టి అడితివాళ్లకు ఒక ముసలాడి మాట. ఇక అడవి దుంగ కోసం ఎదురుచూడకండి. గట్ల మీది టేకూ, తోటల్లో కాపు ఉడిగిన మామిడీ, మలబారు వేపా, ఇదే మన సరుకు. లావు తక్కువదైతే కోసి అతికించండి, పచ్చిదైతే సరిగ్గా ఎండబెట్టి అమ్మండి, ఒక్కో రైతు సరుకు ఒక్కో వరసగా పేర్చండి. నాకిప్పటికీ ఆ జిగురు పలకల మీద నమ్మకం కుదరలేదు, గ్రానైటు గుమ్మం చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ కాగితం అడిగినవాడి మీద కోపం పోయింది. రేవులో నీళ్లలోకి దిగి సుత్తి ముద్ర వెతికిన మా నాన్నగారు అడిగింది కూడా అదే ప్రశ్న. ఆయన తర్వాత మేమే అడగడం మానేశాం.

నిన్న కొత్త పద్దు పుస్తకం తెప్పించాను. చుట్టుకొలత, పొడవు, ఘనపుటడుగుల పక్కన ఇంకో గడి గీశాను: ఏ ఊరు, ఎవరి పొలం, ఏ సర్వే నంబరు. మొదటి వరసలో రాసింది మండపేట అవతల ఒక రైతు తోటలోని మామిడి. అక్షాంశం, రేఖాంశం మా గుమాస్తా ఫోనులో చూసి చెప్పాడు. నేను రాసుకున్నాను.