కుమాయిన్ కా నా బా? – టీకా తాత్పర్య సహితం

మూలం: కుమాయిన్ కా నా బా?

అవతారిక: ఈ ఏకవాక్య కావ్యం ఫిలిప్పీనో భాషలోనిది. ఆ భాషకు ఆధారం మనీలా చుట్టుపట్ల మాట్లాడే తగలోగ్. 1987 రాజ్యాంగం దానికి జాతీయ భాష హోదా ఇచ్చింది. కావ్యకర్త అజ్ఞాతుడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాసులకు దీని శ్రవణభాగ్యం దుబాయిలో కలుగుతుంది. దుబాయి అనగా ఒక నగరం కాదు. మస్కట్, కువైట్, ఖతర్, సౌదీ అన్నీ ఈ ప్రాంత నిఘంటువులో దుబాయే. హోటల్ వంటిల్లు, ఆస్పత్రి వార్డు, సూపర్ మార్కెట్ గల్లా, కంపెనీ క్యాంపు దీని రంగస్థలాలు. విదేశీ ఉద్యోగాల విషయంలో ఫిలిప్పీన్స్ వారికి 1974 నాటి కార్మిక స్మృతి ఉంది. జగిత్యాల వారికి ఏజెంటు మాటే స్మృతి.

ప్రతిపదార్థం: కుమాయిన్ = తినుట ముగిసినది; కా = నీవు; నా = ఇప్పటికే; బా = ప్రశ్నార్థకం.

తాత్పర్యం: తిన్నవా?

వ్యాఖ్య: 'కాయిన్' అనగా నాణెం గనుక 'జీతం పడ్డదా' అని అర్థం చెప్పాలని నెలాఖరున పూర్వపక్షం లేస్తుంది. అది శబ్దసామ్యం వల్ల కలిగిన భ్రాంతి. కాయిన్ ధాతువు, తినుట దాని అర్థం. మొదటి హల్లు దాటగానే 'ఉమ్' దూరి 'కుమాయిన్' అయింది. తెలుగువాడు తడబడేది ఇక్కడే. తెలుగు క్రియ బరువంతా తోకలో ఉంటుంది: 'తిన్నవా'లో కాలం, పురుష, ప్రశ్న మూడూ ధాతువు వెనక వరుసగా అతుక్కున్నాయి. బాలవ్యాకరణం (1858) చెప్పే యడాగమం, టుగాగమం పదానికీ పదానికీ నడుమ సందులో కూర్చుంటాయే గాని ధాతువు కడుపులో దూరవు. సంస్కృతంలో మాత్రం రుధ్ ధాతువు 'రుణద్ధి' అయ్యేటప్పుడు ఇలాంటి చొరబాటు కనిపిస్తుంది. కనుక పండితులు ఉమ్‌ను చూసి బెదరనక్కరలేదు.

మిగిలిన రూపాలు: కుమాకాయిన్ = తింటున్న; కాకాయిన్ = తినబోయే. ధాతువు మొదటి అక్షరం రెండుసార్లు పలికితే పని ఇంకా కాలేదని గుర్తు. ఈ ద్విరుక్తిలో మొదటి భాగాన్ని పాణినీయులు అభ్యాసం అంటారు. చకార, దదర్శలలో అది గడిచిపోయిన పనికి చిహ్నం, ఇక్కడ సరిగ్గా తలకిందులు. ఫిలిప్పీనో క్రియకు నిన్న, రేపు అనే లెక్క తక్కువ. ముగిసిందా, నడుస్తోందా, మొదలు కావాలా అన్నదే దాని పట్టింపు.

క్రియ ముందు, తక్కినవన్నీ దాని వెనక. ఆ వెనక వరుసకూ నియమం ఉంది. 'కా' ఒంటి అక్షరం గనుక నా, బాల కంటే ముందు కూర్చుంటుంది. పెద్దవారిని అడిగేటప్పుడు 'కా'కు బదులు 'కాయో' (మీరు) వస్తుంది. అది రెండక్షరాలది గనుక చివరికి పోతుంది: కుమాయిన్ నా పో బా కాయో? పెండ్లి బంతిలో పిల్లలకు ముందు వడ్డించినట్టు. ఇందులో 'పో' గౌరవ వాచకం, ఆంధ్రుల 'అండి' వంటిది. కోరుట్ల చెవికి మాత్రం గెంటివేతలా వినబడుతుంది. 'సలామత్ పో' అన్నవారు కృతజ్ఞత చెప్పారే గాని వెళ్లగొట్టలేదు.

'బా' మహిమ లిఫ్టులో తెలుస్తుంది. 'బబబా బా?' (దిగుతుందా?) అని ఒకరు, 'బబబా' (దిగుతుంది) అని మరొకరు. బబా = దిగుట; అభ్యాసంతో బబబా; ఆపై ప్రశ్నార్థకం. తెలుగు చిత్రకవులు ఏకాక్షర పద్యానికి రాత్రంతా దీపం కాల్చారు. ఇక్కడ అది రెండంతస్తుల మధ్య పూర్తవుతుంది.

ఉమ్‌కు సవతి ఒకటి ఉంది: 'ఇన్'. 'కుమాయిన్ ఆఙ్ పూసా నాఙ్ ఇస్దా' అంటే చూపు పిల్లి మీద: పిల్లి చేప తిన్నది, ఏ చేపైనా సరే. 'కినాయిన్ నాఙ్ పూసా ఆఙ్ ఇస్దా' అంటే చూపు చేప మీద: ఆ చేపను, ఫ్రిజ్‌లో దాచిన ఆ చేపనే, పిల్లి తిన్నది. ఏ పదం ముందు 'ఆఙ్' ఉంటే వాక్యానికి అది పెద్దపీట. రెండోదాన్ని 'చేప తినబడింది' అని అనువదించడం పాఠ్యపుస్తకపు అలవాటు. కోరుట్లలో అలా ఎవరూ అనరు, ఫిలిప్పీనోలో మాత్రం ఆ వరుస నిత్యవ్యవహారం.

'ఙ' సంగతి: తెలుగు పిల్లలు పలక మీద ఒకసారి దిద్ది జీవితాంతం మరిచిపోయే ఈ అక్షరం అక్కడ పదాల మొదట్లోనే దొరుకుతుంది. ఙయోన్ = ఇప్పుడు; ఙిపిన్ = పన్ను; ఙితి = చిరునవ్వు.

పాఠాంతరం: వైద్యవిద్యకు దావావో చేరిన తెలుగు విద్యార్థులకు 'నికావోన్ నా కా?' అని వినిపిస్తుంది. అది సెబువానో భాష. అక్కడ 'నా' ముందు, 'కా' వెనక. కనుక పై పంక్తి నియమం ఆ ఊళ్లో చెల్లదు.

ప్రత్యుత్తరం: తిన్నవారు 'ఓఓ, తాపోస్ నా' (అవును, అయిపోయింది) అంటారు. తినని వారు 'హిందీ పా' అంటారు. హిందీలో మాట్లాడమని అడిగారనుకుని బొంబాయి మీదుగా వచ్చినవారు వెంటనే ఆ భాష అందుకోవడం కద్దు. హిందీ = కాదు, లేదు; పా = ఇంకా. ఇంకా తినలే అని అర్థం. దానికి అడిగినవారు 'కాయిన్ తాయో' అంటారు. తాయో = మనం; ఎదుటివారిని విడిచిపెట్టే 'మేము'కు 'కామీ' అని వేరే పదం ఉంది. తెలుగుకూ ఈ భేదం ఉన్నందున టీక అక్కరలేదు. కాయిన్ తాయో = తిందాం పా. ఈ చివరి 'పా' మాత్రం జగిత్యాలది.