రెండో భాగానికి డబ్బు తక్కువ అడగండి

సైన్స్ ఫిక్షన్ సినిమాకి సీక్వెల్ తీసే అవకాశం మీకు వచ్చిందనుకోండి. అందులో ఏలుతున్నవాళ్లని నాలుగు మాటలు అనాలని కూడా మీకు ఉందనుకోండి. అప్పుడు నిర్మాత దగ్గరికి వెళ్లి, మొదటి భాగానికైన ఖర్చులో మూడోవంతు చాలని చెప్పండి. రెండో భాగమంటే ఇంకా పెద్ద సెట్లు, ఇంకా పెద్ద యుద్ధాలు, రెట్టింపు గ్రాఫిక్స్ అని మన దగ్గర స్థిరపడిపోయింది. ఆ దారిలో రాజకీయానికి చోటుండదు. వందల కోట్లు పెట్టినవాడు ఎవరినీ నొప్పించడానికి ఒప్పుకోడు, ఒప్పుకోవాలని అడగడం న్యాయం కూడా కాదు. డబ్బు చిన్నదైతే పోయేదీ చిన్నదే కాబట్టి ఆఫీసులో ఎవరూ మీ స్క్రిప్టు రెండోసారి చదవరు. మీకు కావలసింది అదే.

నా నమ్మకానికి ఆధారం 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' వరస. 1968లో వచ్చిన మొదటి సినిమాకి 58 లక్షల డాలర్లయింది. 1972లో వచ్చిన నాలుగో భాగం 'కాంక్వెస్ట్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' 17 లక్షల్లో అయిపోయింది. మొదటిదే గొప్పదని అందరూ అంటారు. రాజకీయం కోసం చూసేవాళ్లు మాత్రం నాలుగోదాని దగ్గరికే రావాలి.

పెద్ద హీరో డేట్లివ్వకపోతే బతిమాలకండి. 1970లో 'బినీత్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' తీసేటప్పుడు మొదటి సినిమా హీరో చార్ల్టన్ హెస్టన్‌కి మళ్లీ నటించడం ఇష్టం లేదు. తన పాత్ర చచ్చిపోవాలనే షరతు మీద ఒప్పుకుని కొద్దిసేపు కనిపించాడు. సినిమా భారం జేమ్స్ ఫ్రాన్సిస్కస్ మీద పడింది. హీరో లేని ఆ చోటులోకి భూగర్భంలో అణుబాంబుకి పూజలు చేసే మనుషులొచ్చారు, యుద్ధం వద్దని రోడ్డు మీద కూర్చున్న చింపాంజీలని ఈడ్చిపారేసే గొరిల్లా సైనికులొచ్చారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న ఏడాది అది. పెద్ద స్టారుంటే ఆ నిమిషాలు అతని ఫైట్లకే పోయేవి.

అదే సినిమా చివర భూమి మొత్తం పేలిపోతుంది. మీరూ పేల్చేయండి. మూడో భాగం ఎలా అని ఆగకండి. స్టూడియో మళ్లీ కావాలని అడిగినప్పుడు రచయిత పాల్ డెన్‌కి కథ జరగడానికి భూమే మిగల్లేదు. మూడు ఏప్స్‌ని, మొదటి సినిమాలో హెస్టన్ వచ్చిన వ్యోమనౌకలోనే కాలంలో వెనక్కి, నాటి లాస్ ఏంజెలెస్‌కి పంపించాడు. 1971లో వచ్చిన 'ఎస్కేప్ ఫ్రమ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' అది. ఎన్నో ముఖాలకి గంటల తరబడి వేయాల్సిన మేకప్ మూడు ముఖాలకి తగ్గింది. ఊరే సెట్ అయింది. ముందు ఆ ముగ్గురిలోని కోతి దంపతులకి ఊరంతా బ్రహ్మరథం పడుతుంది, కొత్త బట్టలు కుట్టిస్తుంది, సభల్లో మాట్లాడిస్తుంది. భార్య జీరా కడుపుతో ఉందని తెలిశాక విచారణ సంఘం కూర్చుంటుంది. అధ్యక్షుడి సైన్సు సలహాదారు హాస్‌లీన్ ఆ బిడ్డ పుట్టకూడదంటాడు. ఎప్పుడో రాబోయే ప్రమాదం పేరు చెప్పి ఇవాళ ఏ పాపమూ ఎరగనివాళ్లని చంపవచ్చా అన్నదే సినిమా ప్రశ్న. గ్రాఫిక్స్‌తో అడగగలిగే ప్రశ్న కాదిది. ఇద్దరు మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలు, గదికి అద్దె కూడా తక్కువ.

హాస్‌లీన్‌ని గమనించండి. అతను మూర్ఖుడు కాదు, లంచగొండి కాదు, తను చెప్పేది మనస్ఫూర్తిగా నమ్ముతాడు. పాలకుణ్ణి హాస్యగాడిగా చూపించొద్దు. బఫూన్ని చూసి నవ్వేసిన ప్రేక్షకుడు, తన నాయకుడు అలాంటివాడు కాదనుకుంటూ నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాడు.

సైన్సు వివరించకండి. 'కాంక్వెస్ట్'లో ఒక వైరస్‌తో కుక్కలూ పిల్లులూ చచ్చిపోయాయని, మనుషులు బదులుగా కోతుల్ని పెంచుకున్నారని, పని నేర్చుకుంటాయని తెలిశాక బానిసల్ని చేశారని ఒక పాత్ర నడుస్తూ నడుస్తూ చెప్పేస్తుంది. అంతే. ఆ వైరస్ ఎలా పనిచేసిందో చెబుతూ కూర్చుంటే కోతుల వేలంపాట సీను పోయేది. సినిమాకి ప్రాణం ఆ వేలంపాటే.

సెట్లు వేయకండి. ఇది అన్నిటికన్నా గట్టిగా చెబుతున్నాను. దర్శకుడు జె. లీ థాంప్సన్ భవిష్యత్తు నగరం కోసం లాస్ ఏంజెలెస్‌లోని సెంచరీ సిటీకి వెళ్లాడు. ఒకప్పుడు అది ఈ సినిమాలు తీసిన ఫాక్స్ స్టూడియో సొంత స్థలం. డబ్బు ఇబ్బందుల్లో స్టూడియో అమ్ముకుంటే అక్కడ కాంక్రీటు భవనాలు లేచాయి. కథ 1991లో జరుగుతుంది, చూపించింది మాత్రం 1972 నాటి ఆఫీసు మెట్లు, వంతెనలు, నేలమాళిగలు. ఆ మెట్ల మీదే ఎర్ర దుస్తుల గొరిల్లాలూ ఆకుపచ్చ దుస్తుల చింపాంజీలూ సామాన్లు మోస్తూ, నేల తుడుస్తూ కనిపిస్తాయి. రేపెప్పుడో కాదు, ఈ మెట్ల మీదే అని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేకపోయింది. చివరి తిరుగుబాటుకి 1965లో అదే లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో జరిగిన అల్లర్లే నమూనా. గవర్నర్ దగ్గర పనిచేసే నల్లజాతి అధికారి మాక్‌డొనాల్డ్‌తో, అందరికన్నా నీకు అర్థం కావాలి కదా అని కోతుల నాయకుడు సీజర్ అనే ఘట్టం కోట్ల సెట్ మధ్య అయితే తేలిపోయేది.

ఇంకో ఉదాహరణ చాలు. పాల్ వెర్హోవెన్ 1997లో తీసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు. 2004లో ఫిల్ టిపెట్ తీసిన రెండో భాగం దాదాపు 70 లక్షల్లో పూర్తయింది. చీకటి, దుమ్ము, ఒక పాత కోట, అందులో చిక్కుకున్న కొద్దిమంది సైనికులు. పై అధికారిని చంపినందుకు ఖైదులో ఉన్న సైనికుడు చివరికి పోరాడి చనిపోతే, ఏ ప్రభుత్వాన్ని అతను అసహ్యించుకున్నాడో అదే ప్రభుత్వం అతని బొమ్మతో సైన్యంలో చేరమని ప్రకటన వేస్తుంది. మొదటి సినిమాని చాలామంది యుద్ధాన్ని పొగిడేదనే అనుకున్నారు. అంత అందమైన యుద్ధాన్ని చూపిస్తే అలా అనుకోవడంలో వింత లేదు. రెండోదాంట్లో ఆ ముగింపు చూసి పొరపాటుపడటానికి వీల్లేదు.

ఇక చివరి సలహా: ప్రివ్యూ వేయకండి. ఎవరు అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా వేయకండి. 'కాంక్వెస్ట్'కి ఫీనిక్స్‌లో ప్రివ్యూ వేశారు. అసలు ముగింపులో ఓడిపోయిన గవర్నర్‌ని కోతులు కొట్టి చంపుతాయి. ప్రేక్షకులు తట్టుకోలేకపోయారు, స్టూడియో వెనక్కి తగ్గింది. మళ్లీ షూటింగ్ చేయడానికి డబ్బు లేదు. సీజర్ పాత్రధారి రాడీ మెక్‌డోవల్ చేత క్షమాగుణం గురించి కొత్త మాటలు డబ్బింగ్ చెప్పించి, అతని కళ్ల క్లోజప్ మీద పరిచారు. పైకెత్తిన తుపాకీ దించుతున్నట్టు కనిపించడానికి పాత షాట్‌ని వెనక్కి తిప్పి వాడారు. తక్కువ డబ్బు ఎన్ని మేళ్లు చేసినా ఈ ఒక్క చోట సినిమాని కాపాడలేకపోయింది. అందుకే క్లైమాక్స్‌ని ఒకే షాట్‌లో తీయండి, నోరు కనిపించేలా తీయండి. ఎడిటింగ్ టేబుల్ మీద ఎవరూ మరో మాట అతికించలేరు.

అసలు ముగింపు 2008లో బ్లూరే మీద బయటికొచ్చింది. ముందు అది చూడండి. తర్వాత థియేటర్లలో ఆడినది పెట్టి, సీజర్ నోరు మాయమై కళ్లు మాత్రమే మిగిలే చోట ఆపి, అక్కడి నుంచి ఒక్కో షాటూ కాగితం మీద రాసుకోండి. మీ సినిమాకి స్టూడియో ఎక్కడెక్కడ చేయి పెట్టగలదో ఆ కాగితం చూపిస్తుంది.