ఊరెరగని కుక్క

మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లో ఊరకుక్క తప్పిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది ఏ హోటల్ అరుగు మీద పడుకుంటుందో, ఏ మటన్ కొట్టు ముందు ఎన్ని గంటలకు హాజరు వేయించుకుంటుందో అందరికీ తెలుసు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేశాక వీధికుక్కను పట్టుకున్న చోటే వదిలిపెట్టాలి. అంటే దానికి కేంద్ర ప్రభుత్వం ఒప్పుకున్న అడ్రసుందన్నమాట. తప్పిపోయేది ఫాంహౌస్ కుక్క. రెండు నిలువుల ప్రహరీ, ఇనుప గేటు, ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని బోర్డు. ఊరికి ఆ బోర్డుతోనే పరిచయం, కుక్కతో కాదు. దీపావళి పటాకులకు బెదిరి అది గేటు సందులోంచి జారుకున్న రాత్రి, ఫలానా వాళ్లదని చెప్పే మనిషి దొరకడు. కనుక కుక్క కంటే ముందు ఇరుగుపొరుగును వెతుక్కోవాలి.

ఇది నా చాదస్తం కాదు. 2012లో వెలువడిన ఒక అమెరికా సర్వేలో తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం ఇల్లు చేరాయి. వాటిలో 49 శాతం చుట్టుపక్కల తిరిగి వెతికితే దొరికినవే. మెడలో బిళ్ల వల్లో, చిప్ వల్లో దొరికినవి 15 శాతం. పిల్లులైతే మరీ దగ్గర: 2018 నాటి అధ్యయనంలో దొరికినవాటిలో నాలుగింట మూడు వంతులు అర కిలోమీటరు లోపే ఉన్నాయి. వీసా కోసం చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 చేసేవాళ్లకు సొంత ప్రహరీ చుట్టూ ఒక్క ప్రదక్షిణ కష్టమా? కష్టమే. పక్క చేనుకు దారి లేకుండా ఫెన్సింగ్ వేయించింది వాళ్లే మరి. అందుకని కరెంటు స్తంభాలకు ఇంగ్లిష్ పోస్టర్లు అంటిస్తారు: ఆస్కార్, గోల్డెన్ రిట్రీవర్, బహుమతి 50 వేలు. పూర్వం గిత్త తప్పిపోతే కొమ్ముల వంపు, నుదుటి మచ్చ చెప్పి డప్పు చాటింపు వేయించేవాళ్లు, బందెలదొడ్డికి వెళ్లి చూసుకునేవాళ్లు. ‘గోధుమరంగు బొచ్చుకుక్క, చెవి కింద తెల్లమచ్చ’ అని తెలుగులో రాస్తే మేకలు కాసే పిల్లగాడు కూడా పోల్చుకుంటాడు.

చిప్ ఉంది కదా అంటారు. చిప్‌లో ఉండేది 15 అంకెల నంబరు; కుక్క ఎక్కడుందో అది చెప్పదు. స్కానర్ ఉన్న డాక్టరు దాకా కుక్కను తీసుకెళ్లే మనిషి కావాలి, అంటే మళ్లీ ఆ పొరుగువాడే. ఊరంతా చాటితే మోసగాళ్లు ఫోన్లు చేస్తారన్న భయం మాత్రం నిజమే. దానికి ఒక్క గుర్తు పోస్టరులో రాయకుండా దాచుకుని, ఫోన్ చేసినవాణ్ని అదే అడిగితే చాలు. అసలు ప్రమాదం 50 వేలలో ఉంది. ఆ అంకె చూసి పదిమంది బైకులేసుకుని తరిమితే, బెదిరిన కుక్క బీజాపూర్ రోడ్డెక్కుతుంది. తరమకుండా కింద కూర్చుని అన్నం గిన్నె చప్పుడు చేసేవాడికే అది దక్కే అవకాశం ఎక్కువ.

ఆ గిన్నె చప్పుడు తెలిసినవాడు వాచ్‌మన్. అతని నంబరు పోస్టరులో ఉండదు, జూబ్లీహిల్స్ నంబరుంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా కుక్కకు తెలిసిన గొంతు అతనిదే, అతను పిలిచే పేరు ఆస్కార్ కూడా కాదు. పొద్దుగూకాక చెరువు కట్ట మీద నిలబడి “ఒరేయ్ రాజిగా” అని ఒక్క కేక వేస్తే తోకాడించుకుంటూ రావచ్చు. కాకపోతే గేటు సరిగా వేయలేదని అతన్ని అప్పటికే పనిలోంచి తీసేసి ఉంటారు.