చేను పేరును దారంబు చెప్పవలయు: టీకా తాత్పర్య సహితము

తే. చేను పేరును దారంబు చెప్పవలయు,
రంగు తొట్టికి చిట్టాలు వ్రాయవలయు,
కుట్టు కూలికి వయసెంత? కూలి యెంత?
లేని బట్టకు నౌకలో లేదు చోటు.

అవతారిక: హైదరాబాదులో ఒక అద్దె ఇంటి మేడ మీద చొక్కాలు, కుర్తీలు కుట్టిస్తూ యూరపులో ఒకటి రెండు దుకాణాలకూ, అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లకూ పంపుకునే చిన్న బ్రాండు యజమానురాలికి ఈ పద్యం మెయిలు రూపంలో ప్రత్యక్షమైంది. మూలం ఆంగ్ల వచనం. పద్యమైతే తిట్టుకుంటూనైనా గుర్తుపెట్టుకుంటుందని వ్యాఖ్యాత దాన్ని తేటగీతిలోకి దించాడు. కర్త పేరు తెలియరాదు. మెయిలు అడుగున ‘కంప్లయన్స్ టీం’ అని మాత్రమే ఉంది గనుక, ఒకరు మొదలుపెట్టి వదిలేస్తే మరొకరు పూర్తిచేసిన గ్రంథమని ఊహ.

ప్రతిపదార్థము: చేను పేరును = పత్తి పండిన పొలం ఏ ఊరిదో, ఏ రైతుదో ఆ వివరమును; దారంబు = నూలు; చెప్పవలయు = నోరు లేకపోయినా చెప్పి తీరవలెను; రంగు తొట్టికి = అద్దకంలో వేసిన ప్రతి వాయికిని; చిట్టాలు = రసాయనాల, నీళ్ల, తేదీల లెక్కలు; వ్రాయవలయు = ఎప్పటికప్పుడు రాయవలెను, ఆడిట్ ముందు రోజు రాత్రి కాదని ధ్వని; కుట్టు కూలికి = కుట్టే మనిషికి; వయసెంత, కూలి యెంత = స్పష్టము; లేని = పైవాటిలో ఏ ఒక్కటి కొరవడినా; బట్టకు, నౌకలో = కంటెయినరులో; చోటు లేదు = అని అన్వయము.

తాత్పర్యము: కాగితం రానిదే సరుకు రానక్కరలేదు. పరీక్ష రాసే విద్యార్థులు ఇక్కడితో ఆపవచ్చు. సరుకు పంపవలసినవారికి ఇంకా ఉంది.

ప్రమాణములు: ఇంత కఠినంగా పలకడానికి కవికి ఆధారమేమిటి? ఒకటి, అమెరికా 2022 జూన్ 21 నుంచి అమలు చేస్తున్న ఉయ్‌ఘర్ చట్టం. చైనాలోని షింజియాంగ్ పత్తి పోగు ఒక్కటి కలిసినా ఆ వస్త్రం వెట్టిచాకిరీతో తయారైందనే అనుకుంటారు. కాదని రుజువు చేసుకోవడం సరుకు తెచ్చినవాడి పని. రెండు, యూరపు సమాఖ్య 2024లో చేసిన వెట్టిచాకిరీ నిషేధం. 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది, చిన్న వ్యాపారులకు మినహాయింపు లేదు. మూడు, 2024 జులై 18న అక్కడే అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నిబంధన. దీని ప్రకారం ముందు ముందు ప్రతి బట్టకూ ఒక డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. బట్టల తాలూకు ఉపసూత్రాలు ఇంకా వెలువడలేదు. సూత్రం రాకముందే భాష్యం అమ్ముతున్న కన్సల్టెంట్లు మాత్రం వెలువడ్డారు.

ప్రథమ పాదంపై టీక: పేరుపడ్డ పాదం ఇదే. ఉపన్యాసాలన్నీ దీని మీదే. దీన్ని అర్థం చేసుకోవాలంటే చొక్కా నుంచి వెనక్కి నడవాలి. చొక్కాకు బండిల్ టికెట్టు ఉంటుంది, కటింగ్ మాస్టరు పుస్తకంలో ఆ బండిల్ ఏ లేలో, అంటే కోతకు పరిచిన ఏ బట్ట దొంతరలో, కోసిందో ఉంటుంది. లే నుంచి తానుకు, తాను నుంచి అద్దకం లాటుకు, అక్కడి నుంచి నూలు లాటుకు చేరవచ్చు. ఓపిక గల స్పిన్నింగ్ మిల్లు గుమాస్తా దొరికితే ఆ లాటులోకి ఏ బేళ్లు వెళ్లాయో నంబర్లతో సహా చెబుతాడు. బేలంటే 170 కిలోల దూది. దాని మీద జిన్నింగ్ మిల్లు ముద్ర ఉంటుంది. ఇంతవరకు రాజబాట.

జిన్నింగ్ మిల్లు గేటు దాటగానే బాట మాయమవుతుంది. అక్కడ యజమానురాలికీ, మిల్లు సేటుకూ జరిగిన సంవాదం ఇది.

“ఇది ఏ ఊరి పత్తి అండీ?”

“అన్ని ఊర్లదమ్మా.”

సేటు తప్పించుకోలేదు, ఉన్నమాటే చెప్పాడు. వరంగల్ ఎనుమాముల యార్డుకో, ఆదిలాబాదు యార్డుకో బండ్ల కొద్దీ వచ్చే పత్తి ఒకే కుప్పగా పోసుకుంటారు. ఒక బేలు దూదికి దాదాపు అయిదు క్వింటాళ్ల పత్తి కావాలి. రెండెకరాల కౌలురైతు పత్తికి ప్రత్యేకంగా కుప్ప పోసి, గింజ తీసి, ప్రెస్సు నడపడానికి ఏ సేటుకు గిట్టుబాటవుతుంది? ఆ మీదట మిల్లువాళ్లు దారం ఒకేలా రావాలని కావాలనే అనేక బేళ్లు కలుపుతారు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసిన మూసీ నీళ్లను విజయవాడలో వేరుచేసి చూపమన్నట్టుంది ఈ పాదం.

పూర్వపక్షం: సర్టిఫికెట్లు ఉన్నాయి కదా? ఉన్నాయి. సేంద్రియ వస్త్రాలకు ప్రమాణం నడిపే గాట్స్ సంస్థ 2020లో, భారతదేశంలో 20,000 టన్నుల పత్తి దొంగ పత్రాలతో సేంద్రియంగా చెలామణీ అయిందని తానే ప్రకటించింది. పత్రం బట్ట వెంట నడుస్తుంది, పత్తి వెంట నడవదు. పైగా చేను పేరు తెలియనివాడే ఆ పేరు నిస్సంకోచంగా రాస్తాడు. తెలిసినవాడు కాస్త తటపటాయిస్తాడు.

సిద్ధాంతం: చిన్న బ్రాండు ‘చేను’ అన్న చోట ‘జిన్నింగ్ మిల్లు’ అని నిజం రాసి, అంతకు వెనక ఏ జిల్లాల యార్డులో చెప్పి ఆపడం మంచిది. ప్రభుత్వ ‘కస్తూరి కాటన్’ పథకంలో బేళ్లకు క్యూఆర్ కోడు అంటించేదీ ఈ మిల్లు దగ్గరే. అక్షాంశ రేఖాంశాలు ఊహించి రాయడం కావ్యదోషం, కస్టమ్స్ దృష్టిలో నేరం కూడా.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ పాదం అక్షరాలా సార్థకమయ్యే చోటు శ్రీకాకుళం జిల్లా పొందూరు. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి, ఆ చుట్టుపక్కలే నేస్తారు. అక్కడ చేను పేరు అడగడానికి ఏ యాపూ అక్కర్లేదు. కాకపోతే పాస్‌పోర్టు ఫారంలో ‘వాడిన పరికరము’ అన్న గడిలో వాలుగ దవడ అని నింపితే బ్రస్సెల్స్ గుమాస్తా ఏ పెట్టెలో వేస్తాడో చూడాలని ఈ వ్యాఖ్యాతకు కోరిక.

ద్వితీయ పాదం: ‘రంగు తొట్టి’ అనగానే తిరుప్పూరు గుర్తుకు రావాలి. నొయ్యల్ నదిని రంగునీళ్లతో నింపారని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి వందలాది అద్దకం యూనిట్లను మూయించింది. అప్పటి నుంచి చుక్క కూడా బయటికి వదలకూడదన్న నియమం కింద శుద్ధి ప్లాంట్లు వచ్చాయి, చిట్టాలూ వచ్చాయి. కనుక పెద్ద యూనిట్టులో ఈ పాదం సులభం. మన బ్రాండుకు వచ్చే చిక్కు వేరు. “మీ వంద మీటర్లకు విడిగా వాయి వేయలేనమ్మా, పక్కవాళ్ల నీలంతో పాటు ముంచేస్తా” అంటాడు అద్దకం మేస్త్రీ. అప్పుడు చిట్టా పక్కవాళ్ల పేరున ఉంటుంది, బట్ట మన దగ్గర ఉంటుంది.

దీనికో చిట్కా మన జీఎస్‌టీలోనే ఉంది. అద్దకానికో కుట్టుకో సరుకు బయటికి పంపితే డెలివరీ చలాను రాయక తప్పదు. పన్నుకు భయపడి ఎలాగూ రాస్తున్న ఆ చలాను మీదే లాట్ నంబరుకు ఒక గడి గీస్తే జాడ సగం దొరికినట్టే. గడి గీయడానికి స్కేలు చాలు. సాఫ్ట్‌వేర్ అమ్మవచ్చినవాడు ఈ మాట చెప్పడు.

తృతీయ పాదం: ‘కూలి’ శబ్దం రెండుసార్లు వచ్చింది. మొదటిది మనిషి, రెండోది ఆ మనిషి చేతికందేది. పండితులు యమకమని మెచ్చుకుని ముందుకు సాగిపోతారు. ఈ పాదంపై వ్యాఖ్యానాలు పలచగా ఉండటానికి కారణం అది తేలిక కావడం కాదు. చేను పేరు తప్పితే కొనుగోలుదారు అడుగుతాడు. కూలి సంగతి గట్టిగా అడిగితే అతడిచ్చే రేటు కూడా చర్చకు వస్తుంది.

ఢాకా శివార్లలో 2013 ఏప్రిల్ 24న కుట్టు ఫ్యాక్టరీల భవనం రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు, అక్కడ ఎవరి బట్టలు కుడుతున్నారో తేల్చడానికి కార్మిక కార్యకర్తలు శిథిలాల్లో లేబుళ్లు ఏరవలసి వచ్చింది. ఈ పద్యానికి బీజం ఆ లేబుళ్లలో ఉందని ఈ వ్యాఖ్యాత మతం. జాడ అడగవలసింది మొదట పత్తిది కాదు, మనుషులది.

‘వయసెంత’ అన్న ప్రశ్నను కవి కుట్టు మిషను దగ్గర నిలిపాడు. మేడ మీద టైలర్లందరికీ నడివయసు, ఆధార్ కార్డులున్నాయి, గండం గడిచింది. మరి చేనుకు ముందేముంది? విత్తనం. హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం సాయంత్రం మొగ్గల్లో పుప్పొడి భాగం తీసేసి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కొక్క పువ్వుకూ అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన చేలల్లో బడి మానిన ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఈ పని చేస్తున్నారని 1990ల చివరి నుంచి అధ్యయనాలు బయటపెట్టాయి. చేతులు చిన్నవైతే పువ్వు నలగదని పెద్దలు చెప్పిన సాకు. చేను దగ్గర మొదలయ్యే జాడకు ఆ విత్తన చేను కనబడదు. పద్యానికి ముందు ఇంకో పాదం ఉండవలసిందని, తాళపత్రం అంచు చిరిగిపోయిందని నా అనుమానం.

చతుర్థ పాదం: దీనికి పాఠాంతరం ఉంది. డాలస్ ప్రతిలో ‘లేని బట్టకు కొరియరు లేదు లేదు’ అని కనిపిస్తుంది. గణాలు, యతి నిక్షేపంగా ఉన్నాయి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో రద్దయ్యాక పుట్టిన పాఠమిది. అంతకుముందు డాలస్ వదినగారికి బతుకమ్మ కుర్తీ పంపాలంటే కవరు మీద చిరునామా, లోపల కొంచెం గోరింటాకు పొడి సరిపోయేవి.

ప్రక్షిప్త విచారం: కొన్ని మెయిళ్లలో పద్యం కింద ‘ధరలో మార్పు లేదు’ అని చిన్న అక్షరాల్లో ఒక వచన వాక్యం దొరుకుతుంది. వ్యాఖ్యాతలు ఇది తర్వాతివాళ్లెవరో చేర్చినదంటారు. ఈ చిట్టాల ఖర్చు భరించినవాళ్లు ఇదే అసలు మూలమనీ, పైనున్న నాలుగు పాదాలే తరువాత చేర్చారనీ అంటారు. మన యజమానురాలు జవాబులో చిట్టా రాసే అమ్మాయి జీతాన్ని చొక్కా ధరలో విడిగా ఒక పంక్తిగా చూపించింది. అటునుంచి ఇంకా మెయిలు రాలేదు.