కమీషన్ ఇవ్వని పురుగు

అక్షింతల పురుగుకి మన పల్లెల్లో గిరాకీ ఎందుకు లేదో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తల్ని అడగక్కర్లేదు. పురుగుమందుల కొట్టు ముందు బెంచీ మీద అరగంట కూర్చుంటే చాలు. ఆ పురుగు తరఫున గోడ మీద సినిమా హీరో నవ్వడు. ఇన్ని కేసులు అమ్మితే డీలరుకి బ్యాంకాక్ టూరన్న స్కీము లేదు. అది అప్పివ్వదు, కాబట్టి వడ్డీ రాదు. చేలో దిగితే పేనుబంకని నమిలి, అక్కడే గుడ్లు పెట్టి, పిల్లల్ని కూడా అదే పనిలో పెట్టేస్తుంది. మళ్లీ కొననక్కర్లేని సరుకుని ఏ కొట్టువాడు అమ్ముతాడు?

దీనికీ ఒకప్పుడు మంచి రోజులుండేవి, అమెరికాలో. ఆస్ట్రేలియా నుంచి ఎలాగో వచ్చిపడ్డ ఓ పొలుసు పురుగు, దూదిలాంటి తెల్లటి గుడ్ల సంచి వీపున వేసుకుని, 1880ల్లో కాలిఫోర్నియా నారింజ తోటల్ని పీల్చి పిప్పి చేసింది. రైతులు కొట్టాల్సినవన్నీ కొట్టి, చివరికి చెట్లు నరికి తగలబెట్టుకున్నారు. వాషింగ్టన్‌లో కీటక విభాగం పెద్ద చార్లెస్ రైలీకి మాత్రం ఓ అనుమానం: పుట్టింట్లో దీన్ని అదుపులో పెట్టే శత్రువేదో ఉండి తీరాలి, మనిషిని పంపి పట్టించుకొద్దాం.

పంపడానికి వీల్లేదు. రైలీగారికి యూరప్ ప్రయాణాల మీద మక్కువ ఎక్కువని గిట్టనివాళ్లు చట్టసభలో ముందే మెలిక పెట్టారు: ఆయన శాఖ డబ్బుతో ఎవరూ విదేశాలకి వెళ్లకూడదు. అప్పుడేం చేశారంటే, మెల్‌బోర్న్‌లో జరుగుతున్న ఎగ్జిబిషన్‌కి విదేశాంగ శాఖ పంపే బృందంలో ఆల్బర్ట్ కోబెలీ అనే కీటక శాస్త్రవేత్తని ఇరికించి, 1888 ఆగస్టులో ఓడెక్కించారు. ఒక శాఖ పనికి ఇంకో శాఖ టీఏ, డీఏ! ఈ విద్య మనకే సొంతమని మురిసిపోయే సెక్రటేరియట్ మిత్రులు కాస్త తగ్గాలి.

కోబెలీ ఆశ ముందు ఓ ఈగ మీద ఉండేది. వాటిని వేలకొద్దీ పంపాడు. ఎర్ర రంగులో నల్ల మచ్చలున్న చిన్న అక్షింతల పురుగులు కొసరుగా వెళ్లాయి. మొదటి విడతల్లో చేరినవి మొత్తం 129. లాస్ ఏంజిలస్‌లో పొలుసు పట్టిన ఓ నారింజ చెట్టుకి గుడ్డతో గుడారం కట్టి, వాటిని లోపల వదిలారు. 1889 ఏప్రిల్‌లో గుడారం ఒక పక్క విప్పేసరికి లోపలి చెట్టు శుభ్రం. పురుగులు పక్క చెట్ల దారి పట్టాయి. ఇరుగుపొరుగు రైతులు డబ్బాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ జిల్లా నుంచి రైలెక్కే నారింజ 700 వ్యాగన్ల నుంచి 2,000 వ్యాగన్లకి పెరిగింది. ప్రయాణం ఖర్చు రెండు వేల డాలర్ల లోపే. రైతులు చందాలేసుకుని కోబెలీకి బంగారు గడియారం, ఆయన భార్యకి వజ్రాల దుద్దులు పెట్టారు. ఐడియా ఇచ్చిన రైలీకి ఒళ్లు మండింది. ఆఫీసుల్లో ఇది మామూలే.

మరి పురుగుకి ఏం పెట్టారు? డీడీటీ. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, కొత్తగా వచ్చిన మందు కదాని నారింజ తోటల్లో దాన్ని దంచి కొట్టారు. అరవై ఏళ్ల సర్వీసున్న ఉద్యోగి ముందు పోయింది, పొలుసు పురుగు తిరిగొచ్చింది. మందు తగ్గించి, పాత ఉద్యోగిని మళ్లీ బతిమాలి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఈ కుటుంబానికి మనతోనూ బంధుత్వం ఉంది. క్రిప్టోలీమస్ అనే ఇంకో ఆస్ట్రేలియా అక్షింతల పురుగుని 1898లోనే మన దేశానికి తెచ్చారు, కాఫీ తోటల్లో పొలుసు పురుగు మీదికి. ఆ పనిలో అది పెద్దగా రాణించలేదు గానీ పిండినల్లిని తినడంలో దిట్ట. ద్రాక్ష, జామ తోటల్లో వదలమంటారు. చిక్కల్లా దాని పిల్లతోనే. ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులు వేలాడేసుకుని, అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. కాకపోతే దానికన్నా లావు, దానికన్నా చురుకు. శత్రువుల గుంపులో మారువేషంలో తిరిగే సీఐడీ అన్నమాట. రైతు చూస్తాడు, "అమ్మో, ఇదింత బలిసిందేంటి!" అని ముందు దాని మీదే మందు కొడతాడు.

మామూలు అక్షింతల పురుగు పిల్లకీ ఇదే గతి. తల్లి గుండ్రంగా, ఎర్రగా ముద్దొస్తుంది. పిల్లేమో నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. పేనుబంక తినడంలో తల్లికేమీ తీసిపోదు, కానీ ఆ మొహం చూసి మిత్రుడని ఎవరు నమ్ముతారు? దానికి తోడు వంగతోటలో ఆకుల్ని జల్లెడ చేసే దుర్మార్గపు దాయాది ఒకటుంది, అదే పేరుతో, దాదాపు అదే వేషంతో. దాని పాపం వీళ్లందరికీ చుట్టుకుంది.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. కాయలోకి దూరిన పురుగుని అదేమీ చెయ్యలేదు. కానీ పేనుబంక విషయంలో మాత్రం లెక్క తేలిక. తైవాన్ పంపుతో ట్యాంకు కొడితే రెండూ చస్తాయి. రోజుల్లో పేనుబంక మళ్లీ పెరుగుతుంది, తినేది మాత్రం అంత త్వరగా రాదు. కాబట్టి ఇంకో ట్యాంకు. ఆ తర్వాత ఇంకోటి, ఈసారి రెండు మందులు కలిపి. వ్యాపారమంటే అదీ!

రైతు వేదికల్లో మిత్రపురుగుల బొమ్మలు చూపించి పాఠాలు చెబుతూనే ఉంటారు. పాపం, చెప్పేవాళ్లు మనస్ఫూర్తిగానే చెబుతారు. కానీ ఆకుకి ఏదన్నా పట్టిన పూట రైతు వెళ్లేది వేదిక దగ్గరికి కాదు, అప్పిచ్చే చోటికి. మొన్న ఓ పెద్దాయన బొబ్బర తీగ కొస తుంచి, పాలిథిన్ కవర్లో వేసుకుని కొట్టుకొచ్చాడు. ఆకు వెనక పేనుబంక, దాని మధ్యలో తాపీగా భోంచేస్తున్న బుల్లి మొసలి. "ఇదేదో కొత్తగా ఉంది, చూడు బాబూ" అన్నాడు. కొట్టబ్బాయి కవరు వెలుగులోకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి, వెనక అరలోకి చెయ్యి పెట్టాడు.

"కొత్తదే బాబాయ్. మందు కూడా కొత్తది వచ్చింది. ఖాతాలో రాసేదా?"